విద్యుత్ వ్యాన్‌లో విహారయాత్ర: బ్రిటన్‌లో క్యాంపర్ కొనేవారు ఏది ఎంచుకోవాలి?

బ్రిటన్‌లో ఉంటూ క్యాంపర్‌వ్యాన్ (లోపలే వండుకుని, పడుకునే వీలున్న వ్యాన్) కొనాలనుకునే కుటుంబాలకు ఇప్పుడు మొదట ఎదురయ్యే సందేహం డీజిలా, కరెంటా అన్నదే. అమ్మేవాళ్లు కంపెనీ ప్రకటించిన రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో నడిచే దూరం) అంకెను చూపిస్తారు. వద్దనేవాళ్లు జనవరి చలిలో దారి మధ్యలో ఆగిపోయిన బండ్ల సంగతులు చెబుతారు. ఈ రెండింటిలో దేన్ని పట్టుకున్నా నిర్ణయం తేలదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నెమ్మదిగా తిరుగుతూ రెండు మూడు రాత్రులు ఒకేచోట ఆగే అలవాటున్నవారికి చిన్న విద్యుత్ క్యాంపర్ ఇప్పటికే చక్కగా పనికొస్తుంది. లోపల నిలబడి నడవగలిగే ఎత్తున్న పెద్ద విద్యుత్ మోటర్‌హోమ్ మాత్రం ఇంకా కొద్దిమందికే సరిపోతుంది. అందుకు ప్రధాన కారణం అందరూ అనుకునే రేంజ్ కాదు, బరువు.

## ఒక్క మజిలీకి ఎంత దూరం

ప్రకటనల్లో కనిపించే డబ్ల్యూఎల్‌టీపీ రేంజ్ ప్రయోగశాల కొలత. అదీ మార్పులేవీ చేయని బండికి తీసినది. మంచం, అరలు, నీళ్ల ట్యాంకు, పైకి లేచే టాపు, వెనక సైకిళ్ల స్టాండు అమర్చి, నలుగురు మనుషులతో మోటార్‌వే మీద గంటకు 70 మైళ్ల వేగంతో వెళ్లే బండికి ఆ అంకె వర్తించదు. పైగా దూరప్రయాణంలో ఎవరూ బ్యాటరీని సున్నాకి దించరు, ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతం దాటి నింపరు, ఎందుకంటే ఆ తర్వాత చార్జింగ్ వేగం బాగా పడిపోతుంది. కాబట్టి లెక్కలోకి తీసుకోవలసినది 10 శాతం నుంచి 80 శాతం మధ్య ఉన్న కరెంటుతో నడిచే దూరాన్నే. ఈ వ్యాసంలో మజిలీ అన్నప్పుడల్లా ఆ దూరమే ఉద్దేశం.

ఈ కింది పట్టికలో బ్యాటరీ పరిమాణాన్ని యూనిట్లలో, అంటే కిలోవాట్‌అవర్లలో ఇచ్చాను. మజిలీ దూరాలు వేసవిలో, బరువు నింపిన బండికి నేను కట్టిన ఉజ్జాయింపులు. చలికాలంలో వీటిలోంచి పాతిక శాతం దాకా తగ్గించుకోవాలి.

| వాహనం | బ్యాటరీ (యూనిట్లు) | గరిష్ఠ ఫాస్ట్ చార్జింగ్ | మోటార్‌వే మజిలీ |
|---|---|---|---|
| వోక్స్‌వ్యాగన్ ఐడీ బజ్ (పొట్టిది) | 79 | సుమారు 185 కిలోవాట్లు | 135 మైళ్లు |
| కియా పీవీ5 | 71 | 150 కిలోవాట్లు | 120 మైళ్లు |
| వాక్స్‌హాల్ వివారో ఎలక్ట్రిక్ | 75 | 100 కిలోవాట్లు | 105 మైళ్లు |
| ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్ (పెద్ద బ్యాటరీ) | 89 | 180 కిలోవాట్లు | 100 మైళ్లు |
| ఫియట్ ఈ-డుకాటో (2024 నుంచి) | 110 | 150 కిలోవాట్లు | 120 మైళ్లు |

చివరి రెండు వరుసలను మొదటి వరుసతో పోల్చి చూడండి. డుకాటో బ్యాటరీ బజ్ బ్యాటరీ కంటే దాదాపు నలభై శాతం పెద్దది, అయినా మజిలీ మాత్రం చిన్నది. రెండున్నర మీటర్లు దాటిన ఎత్తుతో, నిటారు ముఖంతో ఉన్న బండి గాలిని చీల్చుకుంటూ పోవడానికే కరెంటులో పెద్ద వాటా ఖర్చవుతుంది. ఇంకా పెద్ద బ్యాటరీ పెడితే సరిపోతుందనుకుంటే బరువు పెరుగుతుంది, దాని సంగతి కింద వస్తుంది. వేగం 60 మైళ్లకు తగ్గిస్తే పెద్ద బండికి కలిగే లాభం చిన్న బండికి కలిగేదానికంటే ఎక్కువ. అంత తీరిక మీకుందా అన్నది మీరే చెప్పాలి.

## రాత్రి బండి ఎక్కడ నిలుస్తుంది

మామూలు విద్యుత్ కారుకు లేని ఒక సౌకర్యం క్యాంపర్‌కు ఉంది. అది రాత్రంతా కరెంటు స్తంభం పక్కనే నిలబడి ఉంటుంది. బ్రిటన్ క్యాంప్‌సైట్లలో పిచ్ (బండి నిలుపుకునే చోటు) దగ్గర ఉండే బొల్లార్డ్, అంటే ఆ కరెంటు స్తంభం, సాధారణంగా 16 ఆంపియర్లు, అంటే 3.7 కిలోవాట్ల దాకా ఇస్తుంది. అందులో 10 ఆంపియర్లు బండికి కేటాయిస్తే గంటకు 2.3 యూనిట్లు, పది గంటల రాత్రికి 23 యూనిట్లు ఎక్కుతాయి. పల్లెదారుల్లో, తక్కువ వేగంతో తిరిగేటప్పుడు ఐడీ బజ్‌కు దాంతో 65 నుంచి 70 మైళ్లు వస్తాయి. అదే చోట రెండు రాత్రులు ఉండి, మధ్యలో రోజు నడుచుకుంటూ తిరిగితే మూడో రోజు పొద్దున్నకు బ్యాటరీ నిండుగానో, నిండుకు దగ్గరగానో ఉంటుంది. ఫాస్ట్ చార్జర్ మొహం చూడనవసరం ఉండదు.

స్కాట్లండ్ ఉత్తర తీరం చుట్టివచ్చే నార్త్ కోస్ట్ 500 దారినే తీసుకోండి. మొత్తం 516 మైళ్లు. అంకె చూసి చాలామంది విద్యుత్ బండికి ఇది కుదరదనుకుంటారు. కానీ ఆ దారిని ఒకేరోజు పూర్తి చేసేవాళ్లెవరు? ఉల్లపూల్ నుంచి డర్నెస్‌కు సుమారు 70 మైళ్లు, డర్నెస్ నుంచి థర్సోకు మరో 70 పైచిలుకు. ఒంటి వరుస రోడ్లు కాబట్టి వేగం పెద్దగా పెరగదు, ఖర్చూ పెరగదు. ఊరికో రాత్రి హుకప్ (పిచ్ దగ్గరి కరెంటు కనెక్షన్) ఉన్న సైట్లో ఆగితే చిన్న క్యాంపర్ ఈ దారిని హాయిగా చుట్టివస్తుంది. చిక్కంతా లండన్ నుంచి ఈ దారి మొదలయ్యే ఇన్వర్నెస్ దాకా ఉన్న 570 మైళ్లతోనే, ఎందుకంటే అక్కడ మజిలీల లెక్క పూర్తిగా మోటార్‌వే లెక్క అవుతుంది, మధ్యలో నాలుగైదు సార్లు ఆగాలి.

హుకప్ మీద ఆధారపడదలచినవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, అనుమతి. హుకప్ తీగలు పిచ్‌లో ఇంటి అవసరాలకు వేసినవి. వాటితో బండి చార్జ్ చేయడాన్ని కొన్ని సైట్లు నిషేధిస్తాయి, కొన్ని అదనపు రుసుము తీసుకుంటాయి, కొన్ని విడిగా చార్జింగ్ స్తంభాలు పెట్టాయి. బుకింగ్ సమయంలోనే అడగడం మర్యాద, క్షేమం కూడా. రెండోది, లోడు. అక్టోబరు సాయంత్రం 1.5 కిలోవాట్ల హీటర్ వేసి, ఇండక్షన్ పొయ్యి మీద పప్పు కుక్కర్ పెట్టి, అదే సమయంలో బండికి చార్జింగ్ తగిలిస్తే మొత్తం లోడు 5 కిలోవాట్లు దాటుతుంది. బొల్లార్డ్‌లోని బ్రేకర్ పడిపోతుంది. దాన్ని తిరిగి వేయడానికి కొన్నిచోట్ల వార్డెన్ రావాలి, ఆయన ఆఫీసు ఆరింటికే మూసేసి ఉంటుంది. భోజనాలయ్యాక చార్జింగ్ మొదలయ్యేలా బండిలో టైమర్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఫ్రాన్స్‌లో చాలా సైట్లు 10 ఆంపియర్లు, పాతవి కొన్ని 6 ఆంపియర్లే ఇస్తాయి. 6 ఆంపియర్లంటే 1.4 కిలోవాట్లు, హీటర్ వేస్తే బండికి ఏమీ మిగలదు.

హుకప్ లేని అడవి అంచుల్లో, సముద్రతీరపు కార్ పార్కుల్లో రాత్రులు గడపడమే మీ సరదా అయితే ఈ లాభమంతా పోతుంది.

## బరువు, లైసెన్సు

బ్రిటన్‌లో 1997 జనవరి 1 నుంచి కారు లైసెన్సు పొందినవారికి బి తరగతి మాత్రమే వస్తుంది, దాంతో నడపగలిగే బండి గరిష్ఠ బరువు 3,500 కిలోలు. అంతకు ముందు టెస్టు పాసైనవారికి 7,500 కిలోల దాకా నడిపే సి1 అర్హత దానంతటదే వచ్చేది. భారతదేశం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ టెస్టు రాసిన తెలుగువాళ్లలో అత్యధికులు ఆ తేదీ తర్వాతివాళ్లే.

డీజిల్ డుకాటో మీద కట్టిన మోటర్‌హోములే 3,500 కిలోల లోపు సర్దుకోవడానికి కష్టపడుతుంటాయి. దానికి 110 యూనిట్ల బ్యాటరీ తోడైతే కొన్ని వందల కిలోలు పెరుగుతాయి. ఆ పైన చెక్క అరలు, ఫ్రిజ్, షవర్, వంద లీటర్ల నీళ్లు. మనుషులకు, సామానుకు మిగిలేది చూసుకుంటే నలుగురున్న కుటుంబం బియ్యం బస్తా కూడా ఆలోచించి ఎక్కించాల్సిన పరిస్థితి. పరిమితి మించితే జరిమానాతో పోదు, బీమా క్లెయిమ్‌కు కూడా ఇబ్బంది వస్తుంది.

ఈ చిక్కు ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఉద్గారాలు లేని బండ్లను బి లైసెన్సుతో 4,250 కిలోల దాకా నడపవచ్చన్న సడలింపు ఉంది. దానికి ముందు తప్పనిసరిగా ఉన్న అయిదు గంటల శిక్షణ నిబంధనను 2025 జూన్‌లో తొలగించారు. పెద్ద విద్యుత్ మోటర్‌హోమ్‌లకు ఇదే అసలైన ఆధారం. అయితే ఇది ఇక్కడి చట్టం. అదే బండితో ఫ్రాన్స్‌లోని కాలే రేవులో దిగేముందు ఆయా దేశాల నియమం ఏమిటో, మీ బీమా ఏమంటుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. యూరప్ యాత్రల కోసమే పెద్ద బండి కొంటున్నవారికి ఈ ఒక్క సంగతే నిర్ణయాన్ని మార్చవచ్చు.

## చార్జర్ దగ్గర స్థలం

చార్జింగ్ బేలు కార్ల కోసం గీసినవి. ఈ-ట్రాన్సిట్‌కు చార్జింగ్ మూత ముందు గ్రిల్‌లో ఉంటుంది, కాబట్టి ముక్కు లోపలికి పెట్టి నిలపాలి. అప్పుడు ఆరు మీటర్ల బండి తోక దారిలోకి పొడుచుకొస్తుంది. ఐడీ బజ్‌కు మూత కుడివైపు వెనక భాగంలో ఉంది, వెనక్కి నడిపి పెట్టాలి. వెనక సైకిళ్ల స్టాండు ఉంటే చార్జర్ ముందున్న ఇనుప గుంజకు సైకిళ్లు తగిలేదాకా వెళ్లినా తీగ చాలదనిపించే చోట్లున్నాయి. వివారోకు ఎడమవైపు ముందు చక్రం పైన ఉంటుంది. కొనేముందు మీరు తరచుగా వెళ్లే దారిలోని చార్జర్ దగ్గరకు బండిని తీసుకెళ్లి నిలిపి చూడటం ఏ సమీక్ష చదవడంకన్నా ఉపయోగకరం.

ఎత్తు కూడా చూడాలి. టాపు దించిన ఐడీ బజ్, పీవీ5, వివారోలు సుమారు రెండు మీటర్ల లోపే ఉంటాయి, 2.1 మీటర్ల అడ్డుగడ్డ ఉన్న సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లోని చార్జర్లు వాటికి అందుబాటులో ఉంటాయి. ఎత్తు టాపు వ్యాన్లకు ఆ చార్జర్లు లేనట్టే లెక్క.

చెల్లింపులు, నమ్మకం విషయంలో పరిస్థితి బాగుపడింది. 50 కిలోవాట్లు, ఆపైన ఉన్న బహిరంగ చార్జర్లలో కార్డు తాకించి చెల్లించే వీలు 2024 నవంబరు నుంచి తప్పనిసరి. ఐరోపా సమాఖ్యలో ప్రధాన రహదారుల మీద ప్రతి 60 కిలోమీటర్లకు మొత్తం 400 కిలోవాట్ల సామర్థ్యమున్న చార్జింగ్ కేంద్రం ఉండాలని, దానికి 2025 చివరిని గడువుగా నిబంధన పెట్టారు.

## ఖర్చు

ఇంటి దగ్గర రాత్రి టారిఫ్‌లో యూనిట్ 7, 8 పెన్నీలకే దొరుకుతుంది. మోటార్‌వే మీది అతివేగ చార్జర్లలో అదే యూనిట్ 75 పెన్నీల ప్రాంతంలో ఉంటుంది. ఇంటి కరెంటు మీద వ్యాట్ 5 శాతమైతే బహిరంగ చార్జింగ్ మీద 20 శాతం. యూనిట్‌కు రెండున్నర మైళ్లు నడిచే ఐడీ బజ్‌కు ఇంటి కరెంటుతో మైలుకు 3 పెన్నీలు, మోటార్‌వే కరెంటుతో 30 పెన్నీలు. గ్యాలన్‌కు 35 మైళ్లిచ్చే డీజిల్ క్యాంపర్‌కు, లీటరు 1.40 పౌండ్ల లెక్కన, మైలుకు 18 పెన్నీలు. పెద్ద ఈ-ట్రాన్సిట్ యూనిట్‌కు 1.6 మైళ్లే నడుస్తుంది కాబట్టి మోటార్‌వే కరెంటుతో మైలుకు 45 పెన్నీలు దాటుతుంది.

కాబట్టి కరెంటు బండి చవకా, ఖరీదా అన్నది మీ ఇంటి ముందు కారు నిలిపే చోటుందా, యాత్ర లేని రోజుల్లో ఆ బండినే ఆఫీసుకూ బడికీ వాడతారా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఫ్లాట్‌లో ఉండి, ఏడాదికి రెండు దూరయాత్రలకే బండి తీసేవారు పొదుపు కోసం విద్యుత్ క్యాంపర్ కొనకూడదు.

## ఒక్కొక్కదాని సంగతి

చిన్న విద్యుత్ క్యాంపర్. ఐడీ బజ్‌కు వోక్స్‌వ్యాగన్ కంపెనీ నుంచి కాలిఫోర్నియా పేరుతో క్యాంపర్ రాలేదు, బయటి కన్వర్టర్లే (మామూలు వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చేవాళ్లు) చేసి ఇస్తున్నారు. పొట్టి బజ్ పొడవు 4.71 మీటర్లు, కారులా నడుస్తుంది, పట్నంలో ఇబ్బంది పెట్టదు. ఇద్దరు పెద్దలకు, ఇద్దరు చిన్నపిల్లలకు పడకలు సరిపోతాయి గానీ టాయిలెట్‌కు చోటుండదు, ఎవరైనా లేచి నిలబడితే మిగతావాళ్లు బయటకు వెళ్లాలి. వాన పడే వేల్స్ సాయంత్రాల్లో చోటు విలువ తెలుస్తుంది. కియా పీవీ5 ధర బజ్ కంటే తక్కువ, బ్యాటరీలోంచి ఇంటి ప్లగ్గుకు కరెంటు తీసుకునే వీలుంది. వంటకు ఇది పెద్ద సదుపాయం: రైస్ కుక్కర్ ఒక పూటకు పావు యూనిట్ వాడుతుంది, పప్పు, కూర, టీలతో కలిపి నలుగురికి రోజంతా వండినా రెండు యూనిట్లు దాటదు. డెబ్భై యూనిట్ల బ్యాటరీలో అది లెక్కలోకి రాదు. అదే వంటను మామూలు క్యాంపర్‌లో లోపలి అవసరాలకు పెట్టే 100 ఆంపియర్‌అవర్ల లీజర్ బ్యాటరీ మీద చేయాలంటే అందులో ఉండేదే 1.2 యూనిట్లు.

మధ్యస్థ వ్యాన్లు. వివారో, దాని కవలలు పెజో ఈ-ఎక్స్‌పర్ట్, సిట్రోయెన్ ఈ-డిస్పాచ్‌లలో సామాను వ్యాన్లుగా వాడినవి సెకండ్‌హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి. చౌకగా కొని, సొంతంగా కట్టించుకోదలచినవారికి ఇవి అనువైనవి. 50 యూనిట్ల బ్యాటరీ ఉన్నదాన్ని యాత్రలకు తీసుకోవద్దు. 75 ఉన్నదే చూడండి. ఈ వరుసలోనే మెర్సిడెస్ ఈక్యూవీకి 90 యూనిట్లున్నాయి, సౌఖ్యం ఎక్కువ, ధరా ఎక్కువే.

పెద్ద వ్యాన్లు. ఈ-ట్రాన్సిట్‌లో ప్రో పవర్ ఆన్‌బోర్డ్ అనే ఏర్పాటుతో 2.3 కిలోవాట్ల ఇంటి కరెంటు లోపలే దొరుకుతుంది, గ్యాస్ సిలిండర్ లేకుండా వండుకోవచ్చు. షవర్, టాయిలెట్, శాశ్వత మంచం అన్నీ పడతాయి. కానీ పైన చెప్పిన బరువు, ఎత్తు, చార్జింగ్ బే ఇబ్బందులన్నీ దీనికే ఎక్కువ. అమెరికాలో విన్నెబాగో కంపెనీ 2023లో ఈ-ట్రాన్సిట్ మీద కట్టి చూపిన ఈఆర్‌వీ2 నమూనాకు ప్రకటించిన రేంజ్ 108 మైళ్లే. బ్యాటరీలు అప్పటికంటే పెరిగినా స్వభావం మారలేదు. ఒకే ప్రాంతంలో వారాల తరబడి ఉండే విశ్రాంత దంపతులకు తప్ప ఇంకెవరికీ దీన్ని సిఫారసు చేయలేను.

నిస్సాన్ ఈ-ఎన్‌వీ200. తయారీ ఆగిపోయింది, 40 యూనిట్ల బ్యాటరీ, చాడెమో అనే పాత రకం చార్జింగ్ సాకెట్. కొత్త చార్జింగ్ కేంద్రాల్లో ఆ సాకెట్ తగ్గుతోంది. వారాంతాల్లో డెబ్భై ఎనభై మైళ్ల దూరం వెళ్లేవారికి చవకైన బండి, అంతవరకే.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్. మల్టీవ్యాన్ మీద కట్టిన కొత్త వోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియాలో సుమారు 20 యూనిట్ల బ్యాటరీతో ఈహైబ్రిడ్ రకం ఉంది. వారమంతా కరెంటు మీద, యాత్రలో పెట్రోల్ మీద నడుస్తుంది. దూరం, దగ్గర రెండూ సమానంగా తిరిగే ఒంటి బండి కుటుంబానికి తర్కం ప్రకారం ఇదే సరైనది. ధర చూశాకే తర్కం తడబడుతుంది.

డీజిల్. యూరో 6 ఉద్గార ప్రమాణమున్న 3.5 టన్నుల లోపు డీజిల్ క్యాంపర్‌కు లండన్ యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద వేసే) రుసుము పడదు. అంతకు పాతదైతే రోజుకు 12.50 పౌండ్లు. కొత్త డీజిల్ వ్యాన్ల అమ్మకం 2035 దాకా ఉంటుంది, వాడినవాటి మీద ఆ గడువు ప్రభావం లేదు. రాత్రి చలికి డీజిల్ హీటర్ గంటకు పావు లీటరులోపే తాగి బండిని వెచ్చగా ఉంచుతుంది, హుకప్ అక్కర్లేదు.

విద్యుత్ కారు, అద్దె క్యాబిన్. ఏడాదికి పదిహేను రాత్రులకు మించి బయట పడుకోనివారు దీన్నే ముందు ఆలోచించాలి. ఖర్చులో మిగతా ఏదీ దీని దరిదాపులకు రాదు.

## ఎవరికి ఏది

బడి పిల్లలుండి, ఇంటి ముందు చార్జర్ పెట్టుకోగలిగి, కార్న్‌వాల్, లేక్ డిస్ట్రిక్ట్, వేల్స్‌ల చుట్టూ సెలవుల్లో తిరిగేవారు చిన్న విద్యుత్ క్యాంపర్ నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అదే రెండో కారు స్థానాన్ని భర్తీ చేస్తే ఖర్చు కూడా సర్దుకుంటుంది. ఏటా వేసవిలో కాలే నుంచి దక్షిణ ఫ్రాన్స్‌కు వెయ్యి కిలోమీటర్లు రెండురోజుల్లో దాటి, తిరిగి అంతే వేగంగా వచ్చేవారికి డీజిల్ లేదా హైబ్రిడ్ మేలు. విద్యుత్ క్యాంపర్‌తో అది అసాధ్యం కాదు. ప్రతి రెండు గంటలకు అరగంట ఆగాలి, ఆ అరగంటకు డీజిల్ కంటే ఎక్కువ చెల్లించాలి. భారత్ నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లేవారు బండి ఇంధనం కంటే ముందు టాయిలెట్, కింది పడక, లోపల నిలబడే ఎత్తు చూసుకోవాలి. అవి కావాలంటే పెద్ద వ్యానే కావాలి, పెద్ద వ్యాన్ అంటే ప్రస్తుతానికి డీజిలే.

ఏది అనుకున్నా కొనేముందు అలాంటి బండినే ఫిబ్రవరిలో ఒక వారాంతానికి అద్దెకు తీసుకోండి. రాత్రి వేడికి ఎంత కరెంటు పోయిందో పడుకునేముందు, లేచాక శాతం చూసి రాసుకోండి. విద్యుత్ వ్యాన్లలో ఆ వేడి ఎక్కడినుంచి వస్తుందన్నది కన్వర్టర్‌ను బట్టి మారుతుంది: కొందరు ప్రయాణ బ్యాటరీని వాడతారు, కొందరు విడిగా చిన్న డీజిల్ ట్యాంకు పెడతారు, కొందరు గ్యాస్ ఇస్తారు. వాడిన సామాను వ్యాన్ అయితే బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడగండి. నిత్యం ఫాస్ట్ చార్జర్ల మీదే నడిచిన డెలివరీ బండికి, రాత్రుళ్లు డిపోలో నెమ్మదిగా చార్జ్ అయిన బండికి తేడా అక్కడే తెలుస్తుంది. కన్వర్షన్ పూర్తయ్యాక బండిని తూకపు వంతెన మీద తూయించి ఆ చీటీ ఇస్తేనే మిగతా డబ్బు చెల్లిస్తామని ఒప్పందంలో రాయించుకోండి.